మేపుల్ మీద ఎవరి చెయ్యి

తేయిజో ఫోన్ పెట్టేశాడు. అనేశాడు. నోరు జారి కాదు, తెలిసే అన్నాడు. నా మేపుల్‌ని ఎవరో మార్చేశారు నెగిషి గారూ, నా కుండీలో వేరే చెట్టు నాటి నాది ఎత్తుకుపోయారు, ఆ దొంగ ఎవరో కూడా నాకు తెలుసు. అవతల బోన్సాయ్ సంఘం పెద్ద నెగిషి గారు, "పేరు మాత్రం ఫోన్లో చెప్పకండి బాబూ," అన్నాడు. "నేనే బయల్దేరుతున్నా. నేనొచ్చేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పకండి. సంఘంలో ఇలాంటి మాట పుట్టిందంటే ఆ మనిషి ఇక సందుల్లోంచి తిరగాల్సిందే. రుజువు ఉందా?" ఉందన్నాడు తేయిజో. నెగిషి గారి ఇంటి నుంచి ఇక్కడికి బస్సులో గంట. ఆ గంట అప్పుడే మొదలైపోయింది. అది అయ్యేసరికి ఈ వరండాలో కూర్చుని ఒక మనిషి పేరు పైకి చెప్పాలి. చెబితే ఆ మనిషి వీధిలో తలెత్తుకోలేడు. చెప్పింది తప్పని తేలితే తాను తలెత్తుకోలేడు. మధ్యేమార్గం ఏదీ లేదు.

చెట్టు ఎదురుగానే ఉంది, ముక్కాలి పీట మీద, తన నీలం కుండీలో, ఏమీ ఎరగనట్టు. కుండీ తనదే, అంచు మీద చిన్న పెచ్చు ఊడింది కూడా తనదే. చెట్టే తనది కాదు. తనది పచ్చటి చెట్టు, ఒక్కో ఆకూ పసిపిల్ల అరచెయ్యంత, గాలి వేస్తే అన్ని చేతులూ ఒకేసారి ఊపేది. ఇది ఎర్రంచు ఆకుల చెట్టు, ఆకులు గోరంతలేసి, సెప్టెంబరు నెలాఖరులో ఏప్రిల్ నెల చిగురు వేసుకుని నిలబడింది, పెళ్ళి అయిపోయాక పట్టుచీర కట్టుకొచ్చిన చుట్టంలాగా. తన చెట్టుకి ఎడమవైపు కింద ఒక కొమ్మ ఉండేది, చెయ్యి చాచి రమ్మన్నట్టు, దాన్ని చూసే కదా నెగిషి గారు మొదటిసారి ఊ అన్నది. ఆ కొమ్మ దీనికి లేదు. మొదలంతా తడినాచు చుట్టేశారు, కట్టు కట్టినట్టు. గాయాన్ని దాచడానికే కట్టు కడతారు, లేకపోతే ముఖాన్ని దాచడానికి. ఆగస్టంతా, సెప్టెంబరు సగం దాకా తను ఆస్పత్రిలో ఉన్నాడు, స్టేషన్ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుని. ఇంటికొచ్చి పదిరోజులు కూడా కాలేదు. మొదటి రోజే అనుమానం వచ్చింది. కర్ర ఊతంతో వరండా చివరిదాకా నడవగలిగేదాకా ఆగాడు, అంతే. వేటగాడికి తొందర పనికిరాదు, పని చేసిన రోజుల్లో ఎవరినీ తొందరపడి పట్టుకోలేదు.

డిపార్ట్‌మెంట్ స్టోర్లో దొంగల్ని పట్టే ఉద్యోగం ఆయనది, యూనిఫారం లేని ఉద్యోగం, కోటు వేసుకుని చేతిలో సంచి పట్టుకుని కొనడానికి వచ్చినవాడిలా తిరగడం, నేలమాళిగలో తినుబండారాల వరసల మధ్య, పై అంతస్తుల్లో మేజోళ్ళ మధ్య, గడియారాల మధ్య. చేరిన కొత్తలో ముసలి సీనియర్ ఒకాయన చెప్పాడు, ముఖాలు చూడకురా, ముఖానికి అబద్ధం నేర్పించొచ్చు, చేతులకి నేర్పించడం కష్టం, చేతులు చూడు. చూశాడు. అప్పట్నుంచీ చేతులే చూశాడు. పెళ్ళిచూపుల్లో కినుయో ముఖం కన్నా ముందు ఆమె టీ గిన్నె తిప్పిన వేళ్ళు చూశాడు, అవి ఏమీ దాచడం లేదని తేల్చుకుని సరేనన్నాడు. వస్తువు జేబులోకి వెళ్ళినా అప్పుడే పట్టుకోకూడదు, బయటి తలుపు దాటాలి, దాటేదాకా అది దొంగతనం కాదు, అందుకని వెనకాలే నడవాలి, ఆ మనిషికి తెలియకుండా, ఆ మనిషి మనసు మార్చుకుని వస్తువు వెనక్కి పెట్టేస్తుందేమో అన్న భయంతో. భయమా, ఆశా? ఇప్పుడు ఆలోచిస్తే ఏదీ తేలడం లేదు. పెట్టేయాలని కోరుకున్నాడా, పెట్టకూడదనా? ఆ నడకంత హాయి ఆయనకు మరెక్కడా దొరకలేదు. అందుకే రిటైరయ్యాక కళ్ళు ఏం చేసుకోవాలో తోచక ఇంట్లో కినుయో వెనకే తిరిగితే ఆవిడే విసుక్కుంది. "బియ్యం కడుగుతున్నానండీ, దొంగిలించడం లేదు. నన్ను చూడటం మానేసి ఏదైనా చెట్టును చూసుకోండి." అలా వచ్చింది చెట్టు. సంఘంలో కొత్తవాళ్ళకని నెగిషి గారు ఒక ట్రేలో మొలకలు పెంచి, అన్నీ ఒక్క తల్లిచెట్టు విత్తనాలే, తలా ఒకటి పంచాడు. తేయిజో తీసుకున్నదాని పక్క మొలకని కువబారా తీసుకున్నాడు.

కువబారా. పొదల కంచెకు అవతలి ఇల్లు. పోస్టాఫీసులో పనిచేసి మానుకున్న మనిషి, నోరు ఊరుకోదు, నవ్వు ఆగదు. ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టారు, ఒకే తల్లి పిల్లలు రెండు చెట్లూ. కువబారాకి రోజూ కంచె మీంచి తొంగిచూసి తేయిజో చెట్టు ముందుందా తనది ముందుందా చూసుకోకపోతే పొద్దు గడవదు. "మీదానికి భుజాలొచ్చాయే! మాదింకా వేలు పట్టుకుని నడుస్తోంది," అనేవాడు. అసూయ. నవ్వులో కలిపి ఇచ్చిన అసూయ, మందు చేదు తెలియకుండా తేనెలో కలిపినట్టు. ఆస్పత్రి నుంచి రాగానే బేరిపళ్ళు తెచ్చిచ్చాడు, ఒకటా రెండా, బుట్టెడు. ఎందుకూ? పక్కింటివాడు తుంటి విరగ్గొట్టుకుంటే బుట్టెడు పళ్ళు తెచ్చేవాడు లోకంలో ఎవడు? తెచ్చినవాడు తెచ్చినట్టు వరండాలో కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు, మాట్లాడినంతసేపూ మేపుల్ వైపు చూడలేదు. ఎప్పుడూ దాన్నే చూసే మనిషి! మీ మేపుల్ ఎలా ఉంది అని తేయిజో ఊరికే అడిగితే, "ఆఁ, ఉంది ఉంది, నీడకి జరిపాను," అంటూ చేతులు రెండూ చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. పొడి చేతులు. పొడి చేతుల్ని ఎవడైనా తుడుచుకుంటాడా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నిన్న కర్ర మీద ఆని మునివేళ్ళ మీద లేచి కంచె అవతలికి చూశాడు, తుంటి కలుక్కుమన్నా ఓర్చుకున్నాడు. కువబారా బల్ల మీద పైన్ ఉంది, జునిపర్ ఉంది, మేపుల్ ఉండాల్సిన చోట పలక మీద గుండ్రటి తడి మరక కూడా లేదు, ఎండిపోయి దుమ్ము పట్టింది. తన దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాడు, ఇక్కడిది ఎక్కడో దాచాడు. ఇదీ రుజువు. తుంటి విరిగేదాకా బాగున్న లోకం, నెలన్నర కన్ను మూస్తే చాలు, జేబులో వేసుకుని పోతుంది.

కానీ కంచెకి తలుపు లేదు. ఇక్కడ ఆగిపోతున్నాడు పొద్దున్నుంచీ. కువబారా కంచె దూకే వయసువాడు కాదు. గేటు తీసుకుని రావాలి, కుండీలోంచి చెట్టు తియ్యాలి, ఇంకోటి నాటాలి, మట్టి సర్దాలి, నీళ్ళు పొయ్యాలి, పూటంతా పట్టే పని, ఇంట్లో మనిషి ఉండగా. ఇంట్లో మనిషి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తేయిజో మాత్రం చాలామందిని పట్టాడు, అమ్మకాల కౌంటర్ల వెనక నిలబడే పిల్లల్ని, లిఫ్టు దగ్గర వంగి దండం పెట్టే పిల్లని కూడా. కినుయోకి తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? చెట్టు సంగతి ఎత్తితే చాలు, "ఆకలేస్తోందా?" అంటుంది. నిన్న ఎత్తాడు, "సూప్ వేడి చెయ్యనా?" మొన్న ఎత్తాడు, "కాలు నొప్పిగా ఉందా, పడుకుంటారా?" నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట మార్చడం ఎరగడు, మొహాన కొట్టినట్టు చెప్పే మనిషి. ఇవాళ సమానరాత్రి పండగ, పితరులకి పెట్టే రోజు. తెల్లారే లేచి ఎర్ర చిక్కుళ్ళ ముద్దలు చేసింది, నల్ల డబ్బా నిండా. టోఫూ తెస్తానని చెప్పి బయటికెళ్ళింది. టోఫూ కొట్టు వీధి మలుపులో ఉంది. టోఫూ కొట్టుకి వెళ్ళే మనిషి మంచి చెప్పులు వేసుకోదు. చుట్టుగుడ్డ మూట పట్టుకెళ్ళదు. తేయిజో లేచి కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసి చూశాడు, సగం ముద్దలు లేవు. ఎవరికి? పితరులకి అయితే తనకి చెప్పే వెళ్ళేది, తనూ వస్తానని పట్టుబడతాడని తెలుసు కదా. మరి ఎవరికి? కువబారాకా? పక్కింటివాడికి ఇవ్వడానికి మంచి చెప్పులెందుకు? ఇద్దరూ కలిశారా? ఛీ, ఏం ఆలోచన ఇది, అరవై దాటిన ఆడది, ఛీ. అనుకున్నాడే గానీ ఆలోచన ఆగలేదు. ఒకసారి నడక మొదలైతే తలుపుదాకా ఆగదు, అది ఆయన కాళ్ళకి అలవాటు. ఆ అలవాటు ఎప్పుడూ తప్పు దారి పట్టలేదు. ఒక్కసారి తప్ప.

ఒక్కసారి కూడా తప్పు కాదు. అది వేరు. ఆ సంగతి ఇప్పుడెందుకు వచ్చింది. నాన్నకి అంగ్యో అనే ఊళ్ళో మొక్కల తోట, పెద్దకొడుకు తేయిజో మట్టి నచ్చక కోటు వేసుకుని పట్నంలో కొట్టుకెళ్ళాడు, తమ్ముడు మట్టిలోనే ఉండిపోయాడు. తోట తమ్ముడికి వచ్చింది, రావాల్సిందే, దాని మీద గొడవ లేదు. నాన్న చేతి నల్ల పైన్ ఒకటి ఉండేది, నాన్న కుర్రతనంలో కొండ మీంచి తెచ్చి కుండీలో పెట్టింది, ఇంట్లో వాళ్ళందరికన్నా దానికే ముందు నీళ్ళు. నాన్న పోయాక ఏడాది తిరిగి శ్రాద్ధానికి వెళ్తే బల్ల మీద ఆ చెట్టు లేదు. ఏదీ అని అడిగితే తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వెనక్కి! తేయిజో జీవితమంతా చూసింది అలాంటి చేతుల్నే. బంధువులందరి ముందూ, పూజారి ఇంకా కాఫీ తాగుతుండగానే, అమ్ముకున్నావా అన్నాడు. తమ్ముడు కాదనలేదు. అవుననలేదు. తల వంచుకుని నిలబడ్డాడు, అది ఒప్పుకోలు కాక ఏమిటి? నాన్నని అమ్ముకున్నావు అన్నాడు తేయిజో. ఆ మాట తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు, ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకలేదు, కినుయో కూడా. కొత్త సంవత్సరం కార్డు రావడం మానేసింది. మానేయకపోతే ఏం చేసేవాడు? ఏమో. తాను కోటు విప్పేసిన తర్వాత, ముసలితనంలో, ఇన్ని పనులుండగా చెట్టునే ఎందుకు పట్టుకున్నాడో, నాన్న పని, తమ్ముడి పని, ఎన్నడూ వేలు పెట్టని పని, అదీ ఏమో. నెగిషి గారు బస్సెక్కి ఉంటారు. నది వంతెన దాటి ఉంటారు.

ముందు ఈ చెట్టు తనది కాదని తేల్చాలి, నెగిషి గారి కళ్ళ ముందు. తేయిజోకి హఠాత్తుగా ఒక ఉపాయం తట్టింది, ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని తన మీద తనకే కోపం వచ్చింది. తన చెట్టుకి మచ్చ ఉంది. కొత్తవాడి పాపం అది. మొదటి ఏడాది చెట్టు మొదలు వంపు తిరగాలని రాగితీగ చుట్టాడు, వసంతంలో చెట్టు ఒళ్ళు చేస్తుందని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినలేదు. తీగ చర్మంలోకి దిగిపోయింది. నెగిషి గారు చూసి తీగని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీస్తూ, "పసిపిల్ల కాలికి కడియం తొడిగి పదేళ్ళు మర్చిపోయారా?" అన్నాడు, ఆ తర్వాత నెమ్మదిగా, "ఈ మచ్చ పోవడానికి మీ ఆయుష్షు చాలదు," అన్నాడు. పాము చుట్టుకున్నట్టు మూడు మెలికల గాడి, మట్టికి కాస్త పైన. నాచు కింద. కువబారా దానికి ఆ గాడి ఉండే అవకాశం లేదు, తీగంటే భయం వాడికి. తేయిజో కర్ర పక్కన పడేసి ముందుకు వంగి నాచు పట్టీని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. చల్లగా ఉంది, పొద్దున్నే ఎవరో నీళ్ళు చల్లారు. ముడి కనిపించలేదు, చివర చక్కగా లోపలికి దోపి ఉంది. విప్పుతుంటే కౌంటర్ కింద ఒక ముసలావిడ చేతిసంచి తెరిచిన రోజు గుర్తొచ్చింది, లోపల ఏముంటుందో ముందే తెలిసిపోయిన రోజు. నాచు ఊడి పీట మీద పడింది. మొదలు కనబడింది. గాడి ఉంది. మూడు మెలికలు, పాము చుట్టుకున్నట్టు.

తన చెట్టే. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ మార్చలేదు, కువబారా చేతులు ఎందుకు తుడుచుకున్నాడో గానీ దీన్ని ముట్టుకోలేదు. నెగిషి గారు బస్సులో వస్తున్నాడు, ఒక అమాయకుడి పేరు వినడానికి! ఇంతే కదా, ఊపిరి పీల్చుకో, దొంగతనం లేదు, ముసలాడికి మతి తప్పింది, నవ్వేసి టీ ఇచ్చి పంపెయ్యి. కానీ నవ్వు రాలేదు. తన చెట్టే అయితే ఆ పచ్చటి ఆకులేవి? ఆ కొమ్మేది? చేతులు ఊపే చెట్టుని ఈ ఎర్రకళ్ళ చెట్టుగా చేసిందెవరు? మార్చేసినవాడి కన్నా ఇది ఎక్కువ, ఎత్తుకుపోయినవాడు ఒకసారే ముట్టుకుంటాడు. ఇది ఎవరో కూర్చుని, ఒక్కో ఆకునీ పట్టుకుని చేసిన పని. తేయిజో జేబులోంచి భూతద్దం తీశాడు, గడియారాల విభాగంలో నకిలీ సీళ్ళు చూడటానికి వాడినదే. కింది కొమ్మల్లో పాత తొడిమల చోట్లు వెతికాడు. దొరికాయి. చిరుగులు. కత్తెర సగం కోసి సగం పీకిన గుర్తులు, ఒకచోట బెరడు చీలి మానింది. చెయ్యి రానివాళ్ళ పని. మధ్య కొమ్మలకి వచ్చాడు. ఇక్కడ చిరుగు లేదు, కానీ ఎగుడుదిగుడు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. పై కొమ్మలకి వెళ్ళాడు. నున్నగా, ఒక్క తీరున, మొగ్గకి ఎంత దూరంలో కొయ్యాలో అంత దూరంలో. ముగ్గురు మనుషులా? కాదు. కోత ఒక్కటే వైపు వాలుతోంది, ఒకటే చెయ్యి. కింద మొదలుపెట్టినప్పుడు రాని పని పైకి వెళ్ళేసరికి వచ్చింది. ఈ చెట్టు మీదే నేర్చుకుంది ఆ చెయ్యి, ఒక్క మధ్యాహ్నంలో. తనంతట తాను నేర్చుకుంటే పై కొమ్మకి కూడా ఇంత చక్కగా రాదు. పక్కన ఒకరు నిలబడి ఉండాలి. అలా కాదు, ఇలా, కాస్త పైకి, ఊఁ, అని చెబుతూ. చెబుతూ, కానీ కత్తెర తీసుకోకుండా. చెయ్యి రాని మనిషి చెట్టుని చీరేస్తుంటే చూస్తూ కూడా కత్తెర ఎందుకు తీసుకోలేదు? ఎవడైనా తీసుకుంటాడే. కొమ్మ తీసేసిన చోట బూడిదరంగు మైనం అద్ది ఉంది, తోటలవాళ్ళు వాడే మైనం, దాని మీద బొటనవేలి ముద్ర. భూతద్దం దగ్గరికి జరిపాడు. చిన్న వేలు. ఆడవేలు. టీ గిన్నె తిప్పిన వేలు.

అయితే పక్కన నిలబడింది ఎవరు? ఆలోచన ఒక తలుపుదాకా వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగింది. నెగిషి గారు కాదు, ఆయనకి తెలిసుంటే ఫోన్లో అనేవాడు. కువబారా కాదు, వాడికే చెయ్యి రాదు. మంచి చెప్పులు. చుట్టుగుడ్డ మూట. సగం డబ్బా. తోటలవాళ్ళ మైనం. వద్దు, అటు వద్దు. గేటు చప్పుడైంది. కినుయో. చేతిలో టోఫూ ఉంది, నిజంగానే. మూట లేదు.

"ఎండలో కూర్చున్నారేంటండీ, లోపలికి రండి," అంటూ వచ్చి, పీట మీద పడి ఉన్న నాచు చూసి ఆగిపోయింది. కళ్ళు నాచు మీంచి భూతద్దం మీదికి వెళ్ళాయి. "ఆకలే..."

"వెయ్యడం లేదు," అన్నాడు తేయిజో. "కింది కొమ్మల్ని చీరేశావు. పైవి బాగా కోశావు."

కినుయో టోఫూ గిన్నెని వరండా అంచున జాగ్రత్తగా పెట్టి పక్కనే కూర్చుంది. "కాలు ఇంకా అతకలేదు, అప్పుడే డ్యూటీలో చేరిపోయారా?" అంది. "మీ ఆపరేషన్ రోజు పొద్దుట నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. సాయంత్రం దాకా ఆస్పత్రి బెంచీ మీదే ఉన్నాను కదా. వచ్చి చూస్తే కాల్చిన కాగితంలా అయింది మొత్తం. ముట్టుకుంటే పొడి. ఆ రోజు ఎండ అలా ఉంది. కువబారా గారిదీ అప్పుడే పోయింది, పాపం ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, నీడకి జరిపానని చెప్పుకు తిరుగుతున్నాడు. చెట్టు చచ్చిపోయిందని చెప్పడం మీ మగవాళ్ళకి బట్టలు విప్పినట్టు ఉంటుంది కాబోలు."

తేయిజో కంచె వైపు చూశాడు. పొడి చేతులు తుడుచుకోవడం. ఎండి దుమ్ము పట్టిన పలక.

"మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చి ఇది చూపించడం నా వల్ల కాదనిపించింది. కుండీని చుట్టుగుడ్డలో కట్టుకుని బస్సెక్కాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికో మీకు తెలుసు."

తెలుసు. కానీ తెలియడం వేరు, పైకి అనడం వేరు. "కత్తెర ఆ మనిషి ఎందుకు పట్టుకోలేదు?" అన్నాడు.

"పట్టుకోండి మరిదిగారూ, నాకు భయంగా ఉంది అన్నాను. వద్దు వదినా, అన్నయ్య చెట్టు, నేను ముట్టుకోను, ముట్టుకుంటే మళ్ళీ... అని అంతవరకే అన్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మాడిన ఆకులన్నీ తీసేసి, ఎండిన ఆ కింది కొమ్మ కోసేసి, మొదలుకి తడినాచు చుట్టి ఉంచితే కొత్తవి వస్తాయి, ఆకుల తొడిమ మాత్రం ఉంచండి అన్నాడు. నేను చీరేస్తుంటే ఆయన ముఖం చూడాలి, తన చర్మం చీరినట్టు. అయినా చేతులు ముందుకి తియ్యలేదు. చివరి ఆకు దాకా." కినుయో తన వేళ్ళ వైపు చూసుకుంది. "ఇవాళ చిగుళ్ళొచ్చాయని చెప్పి ముద్దలిచ్చి వచ్చాను. అదండీ నా దొంగతనం."

"పైన్..." అన్నాడు తేయిజో. ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియదు.

"తోట వెనక షెడ్డులో ఉంది. అమ్మలేదు. నేను చూశాను. ఒక్క ఆకు లేదు, కట్టె, అదే కుండీలో. మావయ్య పోయిన ఏడాదే ఎండిపోయిందట. పారెయ్యలేకపోయాడు. నాన్న చెట్టుని చంపేశానని అన్నయ్యకి చెప్పడం కన్నా అమ్ముకున్నానని అన్నయ్య అనుకోవడమే నయమనిపించింది వదినా, అన్నాడు."

ఎక్కడో బస్సు ఆగి కదిలిన చప్పుడు. తేయిజో కళ్ళ ముందు శ్రాద్ధం గది, చాపలు, బంధువుల వరస, వాళ్ళ మధ్య వంచిన ఒక తల, వెనక్కి పెట్టుకున్న చేతులు. ఆ చేతుల్లో ఏమీ లేదు. జీవితమంతా చేతులు చూసి, ఖాళీ చేతుల్ని చూసి నిండు చేతులనుకున్నాడు. దాచుకోవడానికి ఏదీ లేనప్పుడు కూడా మనిషి చేతులు దాచుకుంటాడని ఆ ముసలి సీనియర్ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే వినేవాడా? ముఖం చూసి ఉండాల్సింది. ఆ రోజు ఒక్కసారి వంగి, ఆ వంచిన తల కింద ముఖం చూసి ఉంటే. నాన్న పోయిన ఏడాదే. తమ్ముడు ఆ ఏడంతా తెల్లారి లేచి ఆ చెట్టుకి నీళ్ళు పోసి ఉంటాడు, చచ్చిందని తెలిసి కూడా పోసి ఉంటాడు.

గేటు దగ్గర నెగిషి గారు దగ్గాడు. టోపీ తీసి, నుదురు తుడుచుకుని, శవం ఉన్న ఇంటికి వచ్చినవాడిలా లోపలికి నడిచాడు. కంచె మీద కువబారా తల లేచింది, ఇటువంటప్పుడు లేవకుండా ఎలా ఉంటుంది.

"ఓహో, నెగిషి గారే! మాకు చెప్పకుండా టీ పార్టీయా?"

నెగిషి గారు కువబారా వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు, ఊడిన నాచుని చూశాడు, మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు. "తర్వాత మాట్లాడుకుందామా తేయిజో గారూ? లోపల?" అన్నాడు మెల్లగా.

"ఇక్కడే," అన్నాడు తేయిజో.

కర్ర అందుకోబోతే అది దూరంగా పడి ఉంది. కినుయో భుజం పట్టుకుని లేచాడు. తుంటి అరిచింది. కువబారా నవ్వు ముఖం మీదే ఆగి ఉంది, ఏదో పసిగట్టి ఎటూ పోలేక. కువబారా పేరు చెప్పెయ్యడానికి తేయిజో ఎంత దగ్గరికి వచ్చాడు, బస్సు ఇంకాస్త ముందుగా వచ్చి ఉంటే ఈపాటికి ఆ నవ్వు ఉండేది కాదు.

"నెగిషి గారూ, నేను ఫోన్లో చెప్పింది తప్పు. చెట్టు నాదే. ఎవరూ ఎత్తుకుపోలేదు. చచ్చిపోతే బతికించారు."

నెగిషి గారి భుజాలు దిగాయి. వెంటనే మళ్ళీ బిగుసుకున్నాయి, సగం విని ఇంటికి వెళ్ళే మనిషి కాదు ఆయన. "మంచిదే కదా. మరి... ఎవరు చేశారిది? ఆగస్టు ఎండలో మాడిన కొత్త మేపుల్‌ని ఇలా లాక్కురావడం నా వల్ల కూడా కాదే!"

కినుయో పట్టు ఆయన చేతి మీద బిగిసింది. ఆవిడ కూడా ఎదురుచూస్తోంది. చెప్పేదాకా వదలనట్టు పట్టుకుంది. తేయిజో నోరు తెరిచాడు. ఆ పేరు నాన్న పెట్టింది, చిన్నప్పుడు తోట ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసి పిలిచింది.

"తొకుజి," అన్నాడు. "మా తమ్ముడు, తొకుజి."